సొమ్ము కట్టేశాక కూడా తాళమేనా?

అమెరికాలో ఉంటున్న కొడుకో కూతురో పంపిన ఫోనును గుంటూరులోనో కరీంనగర్‌లోనో పెట్టె విప్పి, ఇక్కడి సిమ్ వేసి చూస్తే, ఈ సిమ్ దీంట్లో చెల్లదని తెర మీద కనబడటం మన ఇళ్లలో కొత్త సంగతేం కాదు. దారిలో పాడైందేమోనని మొదట అనుమానిస్తారు. షాపుకు తీసుకెళితే ఫోను నిక్షేపంగా ఉంది, నెట్‌వర్క్ లాక్ పడి ఉంది అంటారు. అంటే, ఆ ఫోను అమ్మిన కంపెనీ తన సిమ్ తప్ప మరో సిమ్ తీసుకోవద్దని దానికి ముందే కట్టడి చేసి పంపిందన్నమాట. విడ్డూరం ఏమిటంటే, చాలాసార్లు ఆ ఫోనుకు పూర్తి ఖరీదు కట్టేసే ఉంటారు. బిల్లు ఉంటుంది, బాకీ ఉండదు, తాళం మాత్రం ఉంటుంది. ఈ తాళం ఎందుకు పుట్టింది, దాన్ని సమర్థిస్తూ కంపెనీలు చెప్పే కారణాలు ఎంతవరకు నిలుస్తాయి అన్నది ఈ పూట మన విషయం. ఫోను ఖరీదు ముట్టిన రోజునే, ఎవరూ అడగకుండా, ఏ రుసుమూ లేకుండా తాళం ఊడిపోవాలన్నది నా వాదన. ఎదుటి పక్షం దగ్గరా గట్టి కారణాలే ఉన్నాయి. వాటిని కొట్టిపారేస్తే కుదరదు, ఒక్కొక్కటే తూచి చూడాలి.

ముందు తాళం ఎలా పనిచేస్తుందో చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామంది ఇది ఫోను శక్తికి సంబంధించిన లోపం అనుకుంటారు. ప్రతి సిమ్‌లోనూ సాధారణంగా 15 అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. మనం పదిమందికీ ఇచ్చే ఫోన్ నంబరు వేరు, ఇది వేరు. ఇందులో మొదటి మూడు అంకెలు దేశాన్ని చెబుతాయి. భారతదేశానివి 404, 405. బ్రిటన్‌వి 234, 235. అమెరికావి 310తో మొదలై మరికొన్ని ఉన్నాయి. ఆ తర్వాతి రెండో మూడో అంకెలు కంపెనీని చెబుతాయి. ఫోను ఆన్ కాగానే సిమ్‌లోంచి ఈ అంకెలు చదివి, తన లోపల రాసిపెట్టిన అంకెలతో సరిచూసుకుంటుంది. కలిస్తే టవరు వెతుక్కుంటుంది, కలవకపోతే మొరాయిస్తుంది. అందులోని రేడియోకు గానీ యాంటెన్నాకు గానీ ఏ లోటూ ఉండదు. చేయగలిగిన పనిని చేయవద్దని దానికి చెప్పారు, అంతే. పాత నోకియా రోజుల్లో ఈ కట్టడిని ఒక కోడ్ తీసేసేది. ఒక్కో ఫోనుకు విడిగా ఉండే ఐఎంఈఐ అనే గుర్తింపు నంబరు, కంపెనీ పేరు తెలిస్తే ఆ కోడ్‌ను లెక్కకట్టి చెప్పే కిటుకు హైదరాబాద్ జగదీష్ మార్కెట్ లాంటి చోట్ల షాపులవాళ్లకు కరతలామలకం. ఐఫోన్ వచ్చాక తాళంచెవి కంపెనీ సర్వర్‌కు మారింది. తాళం తీసినట్టు అక్కడ నమోదైతే తప్ప ఇక్కడ ఫోను మాట వినదు. షాపు అబ్బాయి ఎంత పనిమంతుడైనా చేయగలిగింది తక్కువ.

ఇంకో చిన్న సంగతి చెప్పి ముందుకు పోదాం. తెర మీద పెట్టుకునే పిన్, పాస్‌వర్డు మన తాళాలు. దొంగిలించినవాడు వాడుకోకుండా గూగుల్, ఆపిల్ ఖాతాలతో పడే తాళం కూడా మన మేలు కోరేదే. వాటిని తీసేయాలని ఎవరూ అనడం లేదు. మనం మాట్లాడుకుంటున్న నెట్‌వర్క్ తాళం ఒక్కటే, కొన్నవాడి నుంచి కొన్న వస్తువును కాపాడేది.

కంపెనీల వాదనలో బలమైనది సబ్సిడీ. 2008 జులైలో ఐఫోన్ 3జీని అమెరికాలో 199 డాలర్లకు అమ్మారు. అది ఆ ఫోను అసలు ఖరీదు కాదు. మిగతా సొమ్మును ఏటీ అండ్ టీ కంపెనీ ఆపిల్‌కు తాను కట్టి, కొన్నవాడి చేత రెండేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టించుకుని, నెలనెలా బిల్లులో రాబట్టుకుంది. ఒకేసారి అంత డబ్బు పెట్టలేని ఇంట్లోకి మంచి ఫోను రావడానికి ఈ ఏర్పాటు దారి చూపిందనడంలో అబద్ధం లేదు. తాళం లేకపోతే జనం 199 డాలర్లకు ఫోను పట్టుకుపోయి మరో కంపెనీ సిమ్ వేసుకుంటారు, అప్పుడు మా పెట్టుబడి ఏమైపోవాలి అని కంపెనీ అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ పెట్టుబడిని కాపాడుతున్నది తాళమా, ఒప్పందమా అన్నది చూడాలి. ఏటీ అండ్ టీ 2010 జూన్‌లో, స్మార్ట్‌ఫోను కొని మధ్యలో వదిలిపోయేవాళ్ల మీద వేసే రుసుమును 325 డాలర్లకు పెంచింది. గడిచిన ప్రతి నెలకూ అందులో పది డాలర్లు తగ్గించేది. అంటే, వెళ్లిపోయేవాడి దగ్గర తన సొమ్ము ఎంత మిగిలిందో కంపెనీ నెలల లెక్కన అంచనా కట్టి, వసూలుకు దారి కూడా వేసుకుంది. ఆ కాగితం ఉండగా, సిమ్ మార్చినా మార్చకపోయినా సబ్సిడీ సొమ్ము ఎక్కడికీ పోదు. బిల్లు కడుతూనే ఉండాలి, లేదా రుసుము కట్టి బయటపడాలి.

అప్పు మీద ట్రాక్టరు కొన్న రైతు విషయమే చూడండి. బ్యాంకు ఆర్‌సీలో తన పేరు ఎక్కించుకుంటుంది. బాకీ తీరేదాకా రైతు ఆ బండిని అమ్ముకోలేడు. అంతేగాని ఫలానా బంకులోనే డీజిలు పోయించు, ఫలానా ఊరి పొలాలే దున్ను అని బ్యాంకు అనదు. అప్పు తీరగానే నిరభ్యంతర పత్రం ఇచ్చి తన పేరు తీయించుకుంటుంది. అప్పిచ్చినవాడి హక్కు బాకీ వరకే. టెలికాం కంపెనీ ఈ హద్దు దాటి, నీ ఫోనుకు సేవలందించే హక్కు కూడా నాదే అంటోంది. సంతకం పెట్టింది మీరే కదా అనేవాళ్లున్నారు. నిజమే. కానీ ఆ సంతకంలో రెండేళ్లు అని ఉంటే రెండేళ్ల తర్వాతి రోజున ఆ తాళానికి ఆధారం ఏమిటి?

అప్పు అసలే లేనిచోట కూడా తాళం పడిందంటే సబ్సిడీ కథ ఎంత పలచనిదో తెలుస్తుంది. ఇందుకు మన దేశమే సాక్ష్యం. 2008 ఆగస్టు 22న ఎయిర్‌టెల్, వొడాఫోన్ కంపెనీలు ఐఫోన్ 3జీని ఇక్కడ విడుదల చేశాయి. 8 జీబీ ఫోను ధర 31,000 రూపాయలు. రెండేళ్ల ఒప్పందం లేదు, నెలవారీ సబ్సిడీ లేదు. కొన్నవాడు మొత్తం సొమ్ము కౌంటర్ దగ్గరే పెట్టాడు. అయినా ఫోనుకు తాళం ఉంది. రాబట్టుకోవలసిన సొమ్మేదీ లేనప్పుడు ఆ తాళం దేన్ని కాపాడినట్టు? దానికి ఏడాది ముందు ఐరోపాలో మరో చిత్రం జరిగింది. జర్మనీలో టీ-మొబైల్ ఐఫోనును ఒప్పందంతో 399 యూరోలకు అమ్ముతుంటే వొడాఫోన్ కోర్టుకెక్కింది. కోర్టు ఆదేశంతో టీ-మొబైల్ తాళం లేని ఫోనును 999 యూరోలకు అమ్మకానికి పెట్టింది. సరిగ్గా ఆ రోజుల్లోనే పక్కనున్న ఫ్రాన్స్‌లో ఆరెంజ్ కంపెనీ ఒప్పందం, తాళం రెండూ లేని అదే ఫోనుకు 749 యూరోలు అడిగింది. ఒకే ఫోను, ఒకే కాలం, సరిహద్దు దాటితే 250 యూరోల తేడా. తయారీ ఖర్చులో ఇంత తేడా రాదు. ఆ ధరలు స్వేచ్ఛకు ఎవరు ఎంత అడగగలిగితే అంత అన్నట్టు కట్టినవి. కొన్ని వారాల తర్వాత జర్మన్ కోర్టు తన ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది, ఆ 999 కూడా పోయింది.

ఇక అమెరికా చట్టం సంగతి. ఈ కథలో అన్నిటికంటే వింతైన ఘట్టం ఇదే. 1998లో అక్కడ డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం వచ్చింది. సినిమాలు, పాటలు దొంగ కాపీలు కాకుండా వాటికి వేసే డిజిటల్ తాళాలను పగలగొట్టడం నేరమని చెప్పడం దాని ఉద్దేశం. ఫోనులోని నెట్‌వర్క్ తాళం కూడా సాఫ్ట్‌వేరే కాబట్టి అదీ ఈ చట్టం కిందికి వచ్చిపడింది. పాటలకోసం రాసిన చట్టం ఫోను సొంతదారు మెడకు చుట్టుకుంది. మూడేళ్లకోసారి దీనికి మినహాయింపులు ఇచ్చే అధికారం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అధిపతికి ఉంది. ఫోన్ల భవిష్యత్తును గ్రంథాలయాధికారి తేల్చడం ఏమిటని నవ్వొచ్చినా, చట్టం అలాగే ఉంది. 2006లో, మళ్లీ 2010లో ఫోను అన్‌లాక్‌కు మినహాయింపు దొరికింది. 2012 అక్టోబరులో వెలువడిన నిర్ణయం దాన్ని ఉపసంహరించింది. 2013 జనవరి 26 నుంచి కొన్న కొత్త ఫోన్లకు కంపెనీ అనుమతి లేకుండా తాళం తీయడం తప్పయింది. డబ్బు సంపాదన కోసం ఆ పని చేసినవారికి మొదటి నేరానికే 5 లక్షల డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ల దాకా జైలు పడే వీలుండేది. దీని వెనక చెప్పిన కారణాల్లో ఒకటి, ఫోను కొన్నవాడు అందులోని సాఫ్ట్‌వేర్‌కు కూడా యజమాని అవుతాడో లేదో స్పష్టంగా లేదన్నది. రెండోది, తాళం లేని ఫోన్లు బజారులో దొరుకుతూనే ఉన్నాయి కదా అన్నది. ఆ రెండో మాటలో నిజం లేకపోలేదు. కానీ తాళం ఉన్న ఫోను ఇప్పటికే కొని డబ్బు కట్టినవాడికి అది ఏ ఓదార్పూ కాదు.

జనం ఊరుకోలేదు. సీనా ఖనీఫర్ అనే యువ వ్యాపారి వైట్‌హౌస్‌కు పెట్టిన వినతి మీద లక్షా 14 వేల మందికి పైగా సంతకాలు చేశారు. 2013 మార్చి 4న వైట్‌హౌస్ జవాబిస్తూ, ఒప్పందపు బాధ్యతలేవీ మిగలని ఫోనును సొంతదారు శిక్ష భయం లేకుండా అన్‌లాక్ చేసుకోగలగాలని ఒప్పుకుంది. 2014 ఆగస్టు 1న అధ్యక్షుడు ఒబామా సంతకంతో ఆ మినహాయింపు చట్టంగా తిరిగి వచ్చింది. సొంతదారే కాదు, ఆయన చెబితే షాపువాడు తాళం తీసినా తప్పులేదని అందులో రాశారు. ఇంతటితో సమస్య తీరిందని చాలామంది అనుకున్నారు. తీరలేదు. తాళం తీసుకోవడం నేరం కాదన్నారే గాని, తాళం తీసి ఇవ్వవలసిన బాధ్యత కంపెనీ మీద పెట్టలేదు. చెవి కంపెనీ సర్వర్‌లో ఉన్నప్పుడు నువ్వు తీసుకుంటే తప్పులేదు అనడం వల్ల ఒరిగేది ఎంత? తీసి ఇచ్చే విషయంలో ఉన్నదల్లా, ఈ చట్టానికి ముందే 2013 డిసెంబరులో పెద్ద కంపెనీలు తమకు తామే రాసుకున్న ఒక నియమావళి. షరతులు మాత్రం ఎవరివి వారివే. నెలవారీ బిల్లు కట్టేవారికి ఒక గడువు, ప్రీపెయిడ్ వారికి ఒక గడువు. ఒక కంపెనీ ప్రీపెయిడ్ ఫోనుకు ఆరు నెలలు అంటుంది, మరొకటి 365 రోజులు అంటుంది. ప్రీపెయిడ్ వాడేది ఎవరు? అక్కడి పేదలు, కొత్తగా దిగిన వలసవాళ్లు, మన విద్యార్థులు. ఫోను ఖరీదు కట్టేసినా, ప్రీపెయిడ్‌వాడికి తాళం ఎక్కువకాలం, నెలవారీ బిల్లువాడికి తక్కువకాలం కావడం ఈ నియమావళిలోని అసలు అన్యాయం. ప్రీపెయిడ్ ఫోన్లను కూడా తక్కువ ధరకే ఇస్తున్నామని, వెనక ఒప్పందం లేదు కాబట్టి రిచార్జీల ద్వారానే ఆ సొమ్ము రావాలని కంపెనీలు అంటాయి. తగ్గించిన సొమ్ము ఎంతో బిల్లులో రాయండి, అది కట్టేస్తే ఆ రోజే తాళం తీయండి అన్నది దీనికి జవాబు. అప్పుడు లెక్క ఇద్దరికీ కనబడుతుంది.

తాళం లేకపోతే సబ్సిడీలు పోతాయి, కంపెనీలు మునిగిపోతాయి అనే భయానికి ఊహతో జవాబు చెప్పనక్కర్లేదు, అనుభవం ఉంది. 2008లో అమెరికా ప్రభుత్వం 700 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్‌ను వేలం వేసింది. అందులో సీ బ్లాక్ అనే భాగానికి ఒక షరతు పెట్టారు: దీన్ని కొన్న కంపెనీ తాను అమ్మే ఫోన్లకు తాళం వేయకూడదు. తెలిసి తెలిసి ఆ షరతుతోనే వెరిజాన్ కంపెనీ దాన్ని కొనుక్కుంది. ఆ స్పెక్ట్రమ్ మీద నడిచే 4జీ ఫోన్లను తాళం లేకుండా అమ్మింది. అందువల్ల అది దివాలా తీయలేదు. వాయిదాల మీద ఫోన్లు ఇవ్వడం మానలేదు. అమెరికా అతిపెద్ద మొబైల్ కంపెనీల్లో ఒకటిగానే నిలిచింది. తర్వాత మోసాలు జరుగుతున్నాయని మొరపెట్టుకుంటే 2019లో ఎఫ్‌సీసీ, అంటే అక్కడి సమాచార నియంత్రణ సంస్థ, 60 రోజులపాటు తాళం వేసుకోవడానికి ఒప్పుకుంది. దొంగ పేర్లతో ఫోన్లు తీసుకుపోయేవాళ్లను పట్టుకోవడానికి ఆ 60 రోజులు చాలని కంపెనీ తానే చెప్పుకుంది. 2024 జులైలో ఎఫ్‌సీసీ ఈ 60 రోజుల గడువును అన్ని కంపెనీలకూ వర్తింపజేయాలని ప్రతిపాదించింది. 2025లో మాత్రం వెరిజాన్ మాట మార్చి, 60 రోజులు చాలవు, మోసాలు ఎక్కువయ్యాయి, ఈ నియమం మాకు వద్దు అని అడిగింది. అలా అడగడంలో వ్యాపార తర్కం ఉంది: పోటీదారుల చేతిలో పొడవైన తాళం ఉండగా తన చేతిలో పొట్టి తాళం ఎందుకని. ఆ తర్కానికి విరుగుడు అందరికీ ఒకే పొట్టి గడువు పెట్టడం, అందరికీ పొడవైన తాళాలు పంచడం కాదు.

మిగతా దేశాలు ఇంకాస్త సూటిగా పోయాయి. కెనడాలో 2017 డిసెంబరు 1 నుంచి కొత్త ఫోన్లన్నీ తాళం లేకుండానే అమ్మాలని, పాతవాటికి అడిగితే ఉచితంగా తీసి ఇవ్వాలని నియంత్రణ సంస్థ ఆదేశించింది. అప్పటిదాకా ఒక్కో ఫోనుకు 50 డాలర్ల దాకా తీసుకునేవారు. ఆ రుసుముల మీద అక్కడి కంపెనీలకు 2016 ఒక్క ఏడాదిలోనే 3 కోట్ల 77 లక్షల కెనడా డాలర్లు వచ్చాయి. సబ్సిడీని కాపాడుకోవడానికి తాళం అన్నవాళ్లు తాళం తీయడాన్నే ఒక ఆదాయమార్గం చేసుకున్నారన్నమాట. బ్రిటన్‌లో నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ విచారిస్తే, మరో కంపెనీకి మారకూడదని నిర్ణయించుకున్నవారిలో మూడోవంతుకు పైగా ఈ అన్‌లాక్ బెడదే తమను వెనక్కి లాగిందన్నారు. తీయించుకోవడానికి ప్రయత్నించినవారిలో సుమారు సగం మందికి ఏదో ఒక చిక్కు ఎదురైంది. కోడ్ రాకముందే రోజులు గడిచిపోవడం, వచ్చిన కోడ్ పనిచేయకపోవడం లాంటివి. రుసుము పది పౌండ్ల చుట్టూనే ఉండేది. పది పౌండ్లకు ఇంత రభస ఎందుకు అనేవారికి ఆ మూడోవంతే జవాబు. తాళం పెద్ద అడ్డుగోడ కానక్కర్లేదు, మనిషి బద్ధకానికి ఒక సాకు దొరికితే చాలు, కస్టమరు కదలడు. 2021 డిసెంబరు 17 నుంచి బ్రిటన్‌లో తాళం వేసిన ఫోన్లు అమ్మడం నిషేధం. అదే ఏడాది అక్టోబరు నుంచి జపాన్ కూడా అదే బాట పట్టింది. ఈ దేశాల్లో వేటిలోనూ నెలవారీ వాయిదాల మీద ఫోన్లు అమ్మడం ఆగిపోలేదు.

దొంగతనం గురించిన అభ్యంతరాన్ని విడిగా చూడాలి, ఎందుకంటే వినగానే ఒప్పుకోబుద్ధయ్యేది అదే. తాళం లేని ఫోనును దొంగ ఎక్కడైనా అమ్ముకోగలడు, తాళం ఉంటే అమ్ముకోలేడు అంటారు. కానీ తాళం ఉన్న ఫోను దొంగిలిస్తే అదే కంపెనీ సిమ్ వేసి హాయిగా వాడుకోవచ్చు కదా! దొంగను నిజంగా అడ్డుకునేది ఐఎంఈఐ నంబరును అన్ని నెట్‌వర్కుల్లోనూ నిలిపివేయడం. మన ప్రభుత్వపు సంచార్ సాథీ పోర్టల్, దాని వెనకున్న సీఈఐఆర్ వ్యవస్థ చేసేది ఈ పనే. ఫోను పోయినవారు పోలీసు ఫిర్యాదు ప్రతితో అందులో నమోదు చేస్తే, దేశంలో ఏ కంపెనీ సిమ్ వేసినా ఆ ఫోను పనిచేయదు. సిమ్ వేసినవాడి ఆచూకీ కూడా దొరుకుతుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పోలీసులు పోయిన ఫోన్లను కుప్పలుగా పోసి సొంతదారులకు అప్పగించే ఫొటోలు పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. నెట్‌వర్క్ తాళం ప్రమేయం అందులో ఏమీ లేదు. పైగా తాళం తానే నేరానికి తావిచ్చిన ఉదంతం అమెరికాలో ఉంది. 2012లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి ఒక వ్యక్తి ఏటీ అండ్ టీ ఉద్యోగులకు లంచాలిచ్చి, ఆ కంపెనీ కంప్యూటర్లలో దొంగ సాఫ్ట్‌వేర్ పెట్టించి, 19 లక్షలకు పైగా ఫోన్లకు తాళం తీయించాడు. కంపెనీకి 20 కోట్ల డాలర్లకు పైగా నష్టమని కోర్టులో లెక్క తేలింది. 2021 సెప్టెంబరులో అతనికి పన్నెండేళ్ల జైలుశిక్ష పడింది. నేరం నేరమే. అయితే అన్ని లక్షల మంది దొంగదారిలో డబ్బు కట్టి తాళం తీయించుకున్నారంటే, రాజమార్గం ఎంత ఇరుకుగా ఉందో కూడా ఆ సంఖ్యే చెబుతోంది.

మన దేశానికి వద్దాం. ఇక్కడ ఫోను ఒకరి దగ్గర, సిమ్ ఒకరి దగ్గర కొనడం మొదటినుంచీ అలవాటు. దాని విలువ మనకు అర్థం కావడానికి 2016 చాలు. ఆ ఏడాది సెప్టెంబరు 5న జియో సేవలు మొదలయ్యాయి. 2017 ఫిబ్రవరికల్లా పది కోట్ల మంది చేరారు. వారిలో ఎందరో తమ చేతిలో అప్పటికే ఉన్న 4జీ ఫోనులోని రెండో సిమ్ గూట్లో కొత్త సిమ్ వేసుకున్నవారే. ఆ ఫోన్లన్నిటికీ పాత కంపెనీల తాళాలు ఉండి ఉంటే ఆ పోటీ పుట్టేదే కాదు, డేటా ధరలు అంతగా దిగేవీ కావు. నంబరు మార్చకుండా కంపెనీ మారే సౌకర్యం 2010 నవంబరులో హర్యానాలో మొదలై, 2011 జనవరి 20న దేశమంతటికీ వచ్చింది. మన ఫోన్లకు తాళాలు లేవు కాబట్టే ఆ హక్కుకు పదునుంది. నంబరు మనవెంట వచ్చి ఫోను రాకపోతే మనం మారినట్టా, మారనట్టా?

అయినా మన దగ్గర కూడా తాళం వాసన తగలకపోలేదు. 2003లో రిలయన్స్ 501 రూపాయలు కట్టించుకుని సీడీఎంఏ ఫోన్లు చేతికిచ్చింది. ఆ ఫోను ఆ కంపెనీతోనే బతికింది. 2017లో జియోఫోన్ 1,500 రూపాయల డిపాజిట్ మీద వచ్చింది, అందులో జియో సిమ్ తప్ప మరోటి పనిచేయదు. తాళాన్ని సమర్థించేవారి చేతిలో నిజంగా బలమైన ఉదాహరణ ఇదే. కూలికి పోయే మనిషి చేతిలో ఇంటర్నెట్ ఉన్న ఫోను 1,500లకు పెట్టడం చిన్న విషయం కాదు. షరతు ముందే చెప్పారు, మూడేళ్ల తర్వాత ఫోను తిరిగిస్తే డిపాజిట్ తిరిగి ఇస్తామన్నారు. అంటే, అది దాదాపు అద్దెకిచ్చినట్టు. ఇలాంటి ఏర్పాటులో తాళాన్ని నేను తప్పుపట్టను. గడువు తెలిసిన తాళం, మారు వస్తువు ఉన్న తాళం, ఖరీదు కట్టని వస్తువు మీది తాళం అది. అయితే దాన్నిబట్టే సూత్రం తేలుతోంది. వస్తువు కంపెనీదైనంతకాలం తాళం కంపెనీది. వస్తువు నాదైన క్షణాన తాళం నాది కావాలి. తెరచాటు ఆదాయానికి వాడుకునే పరికరం కాకూడదు. ఈ హద్దు ఇప్పుడే గీసుకోవలసిన అవసరం కూడా ఉంది. అప్పు మీద ఫోన్లు కొనడం పెరిగింది. వాయిదా కట్టకపోతే ఫోనును దూరంనుంచే బిగించేసే అధికారం అప్పిచ్చినవారికి ఇవ్వాలా వద్దా అన్న చర్చ 2025లో రిజర్వ్ బ్యాంకు దాకా వెళ్లింది. తాళం వేసే చేయి మారింది, ప్రశ్న మాత్రం మారలేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, టెలికాం శాఖ ఇలాంటి తాళాలన్నిటికీ కలిపి ఒక నియమం రాయాలి: తాళం ఉందని పెట్టె మీద తెలుగులో, స్థానిక భాషలన్నిటిలో ముద్రించాలి, ఎప్పుడు తీస్తారో తేదీ ఉండాలి, బాకీ తీరిన నాడు తాళం దానంతటదే ఊడిపోవాలి.

చివరగా ఫోను కొనేవారికి రెండు మాటలు. తాళం తీసినంతమాత్రాన ప్రతి ఫోనూ ప్రతి దేశంలోనూ పనిచేస్తుందని హామీ లేదు. జియోకు 2జీ, 3జీ లేవు. మాట కూడా సాధారణంగా 4జీ మీదే పోతుంది, కాబట్టి ఫోనులో 4జీ కాల్స్‌కు కావలసిన వోల్టీ ఇక్కడ పనిచేయాలి. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ పెట్టే గూడే లేదు, ఫోను లోపలే ఉండే ఈసిమ్ తీసుకోవాలి. తాళం తీస్తామని ఐఎంఈఐ నంబరునే మార్చేసేవారి దగ్గరకు పోకండి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం అది మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడే నేరం. అమెరికాలోని మీ పిల్లలు ప్రీపెయిడ్ ఫోను పెట్టె విప్పకుండా పంపితే దాని తాళానికి గడువే మొదలుకాదు. అక్కడి సిమ్‌తో అక్కడే చెప్పినన్నాళ్లు నడిచాకే కంపెనీ దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. అందుకని ఫోను పంపమన్నప్పుడే అన్‌లాక్డ్ ఫోను కావాలని అడగండి. సెకండ్ హ్యాండ్ ఐఫోన్ కొంటుంటే సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి, క్యారియర్ లాక్ అన్నచోట సిమ్ ఆంక్షలేవీ లేవని ఉందో లేదో చూడండి. ఆండ్రాయిడ్ ఫోనైతే మీ సిమ్ వేసి, ఒక కాల్ చేసి చూడండి. ఆ తర్వాతే డబ్బు ఇవ్వండి.